నిద్రగన్నేరు కింద వానగిన్నె

నేను ఒక వానగిన్నెను. కాలేజీలో చదువుకున్నవాళ్ళు రెయిన్‌గేజి అంటారు, పాఠ్యపుస్తకాల్లో వర్షమాపకం అని ఉంటుంది. పొలం పనికొచ్చే ఆడవాళ్ళు మాత్రం మొదటిరోజు నుంచీ వానగిన్నె అనే అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది. ఇప్పుడు నేనుండేది చింతలరేవు వ్యవసాయ కళాశాల మ్యూజియంలో, కిటికీ పక్కన ఒక బల్ల మీద. ఇక్కడికి తెచ్చిన రోజున నా ముందు ఒక అట్టముక్క నిలబెట్టారు. దాని మీద “పాతకాలపు వర్షమాపకం. పనిచేయదు” అని రాసి ఉంది. పాతకాలపుదాన్నే, కాదనను. ఆ రెండో మాటకే ఒళ్ళు మండింది. పనిచేయలేదన్న నింద నా మీద పడటం అది రెండోసారి. మొదటిసారి నాతోపాటు ఒక మనిషి మీద కూడా పడింది. ఆ సంగతి చెప్పకుండా ఊరుకోలేను.

నేను పుట్టింది కలకత్తాలో, ఒక చిన్న కార్ఖానాలో. ఒళ్ళు రాగిరేకు, మూతి అంచు ఇత్తడి. నన్ను చేసిన ముసలి మేస్త్రీ మూతి అడ్డుకొలత సరిగ్గా ఐదంగుళాలు వచ్చేదాకా ఆకురాయితో అరగదీస్తూనే ఉన్నాడు. వెంట్రుకవాసి తేడా వస్తే పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాతోపాటు అదే రోజు నా తమ్ముణ్ణీ చేశాడు. నా అడుగున 417 అని, వాడి అడుగున 418 అని అచ్చు కొట్టాడు. ఆ అంకెలు తప్పిస్తే మా ఇద్దరికీ ఏ తేడా లేదు. మా పని చాలా సులువు. మూతిలో పడిన వాన గరాటులోంచి లోపలి సీసాలోకి దిగుతుంది. పొద్దున ఒకరు వచ్చి ఆ నీళ్ళను గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎంత పడిందో చూసి పుస్తకంలో రాసుకుంటారు. ఇందులో తెలివితేటలేమీ లేవు, అబద్ధం చెప్పే వీలు కూడా లేదు.

మా ఇద్దరినీ చింతలరేవు తెప్పించినవారు పరాంకుశాచార్యులు గారు. కాలేజీకి మొట్టమొదటి సేద్యశాస్త్ర ప్రొఫెసరు. అప్పటికి కాలేజీ అంటే ఇసుకలో రెండు తాటాకు పాకలు, దూరంగా ఒక తాటితోపు, అంతే. ఆయన కోటు తొడుక్కుని, తలపాగా పెట్టుకుని, కింద మాత్రం వట్టి కాళ్ళతో నడిచేవారు. చెప్పులు ఇసుకలో దిగబడిపోతాయని చేతిలో పట్టుకునేవారు. నన్ను పాతడానికి చోటు వెతకడానికే మూడురోజులు తిరిగారు. తాడు పట్టుకుని నాలుగు దిక్కులా కొలిచారు. ఏ గోడైనా, ఏ చెట్టైనా తన ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో ఉండాలన్నది మా వానగిన్నెలకున్న ఒకే ఒక్క పట్టింపు. ఆ పట్టింపు ఆయన నాకంటే గట్టిగా పట్టారు. నా చుట్టూ ముళ్ళకంచె వేయించి, తమ్ముణ్ణి గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి దాచారు. ఎప్పుడైనా నాకు దెబ్బ తగిలితే వాడు పనికొస్తాడని.

విద్యార్థులను నా దగ్గరికి తెచ్చి, “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. రాకడ సంగతి నాకూ తెలియదు నాయనా. వచ్చినాక ఎంతొచ్చిందో తెలియకపోతే మాత్రం అది మన తప్పు” అనేవారు.

ఒకసారి ఒక కుర్రాడు నవ్వి, “ఎండాకాలం కూడా రోజూ వచ్చి సున్నా రాయడమెందుకు సార్?” అని అడిగాడు.

“సున్నా రాయకపోతే వాన పడలేదని కాదు, నువ్వు రాలేదని అర్థం” అన్నారు ఆయన. ఆ మాటతో మా కాలేజీలో పొద్దున ఎనిమిదిన్నరకు ఎండైనా వానైనా గిన్నె చూడటం ఒక ఆచారమైపోయింది.

రెండో పెద్దమనిషి శోభనాద్రిరావు గారు, మొదటి వృక్షశాస్త్ర ప్రొఫెసరు. దొడ్డమనిషి, మంచి గొంతు. ఇసుకలో ఏ మొక్కా బతకదన్నవాళ్ళ నోళ్ళు మూయించి తోటలు పెంచినవారు. ఆయన మంచితనం గురించి నేనేమీ తక్కువ చేసి చెప్పను. కాని ఒక వనమహోత్సవం నాడు ఆయన చేసిన పని మాత్రం మర్చిపోను. జిల్లా కేంద్రం నుంచి ఒక పెద్దాయన మొక్క నాటడానికి వచ్చారు. గుంట తవ్వి ఉంచిన చోటికి కారు వెళ్ళలేదు, ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. పెద్దాయనను అంతదూరం నడిపించడం బాగుండదు కదా! అందుకని కారు ఆగిన చోటే, అంటే నా కంచె పక్కనే, అప్పటికప్పుడు ఇంకో గుంట తీశారు. మేకలు తినకుండా కంచె ఎలాగూ ఉంది కాబట్టి వేరే కంచె వేసే పని కూడా తప్పిందని అందరూ సంతోషించారు. నాటింది నిద్రగన్నేరు మొక్క. నాకూ దానికీ మధ్య పదడుగుల దూరం. పరాంకుశం గారు ఆ రోజు ఊళ్ళో లేరు.

మర్నాడు వచ్చి చూసి ఆయన నిప్పు తొక్కినవాడిలా గంతులేశారు.

“మూరెడు మొక్క ఆచార్లుగారూ, మీ గిన్నెకంటే పొట్టిది. దానికేం భయం?” అని శోభనాద్రి గారు నవ్వారు.

“మొక్కై వంగనిది మానై వంగుతుందా అండీ? ఇవాళే తీసి అవతల నాటించండి.”

“పెద్దాయన చేత్తో నాటింది పీకితే రేపు నన్ను పీకుతారు. పెరిగినప్పుడు చూద్దాం లెండి.”

పరాంకుశం గారు నేరుగా వాతావరణ గదికి వెళ్ళారు. వాన రిజిస్టరు తెరిచి, ఆ రోజు సున్నా పక్కన అంచులో సన్నగా రాశారు: “వానగిన్నెకు పదడుగుల దూరంలో నిద్రగన్నేరు నాటినారు. అభ్యంతరం చెప్పితిని. వినలేదు.” కింద సంతకం పెట్టారు. ఆ తరవాత ఇరవై ఏళ్ళపాటు ఆ పేజీ ఎవరూ తిరగేయలేదు.

నిద్రగన్నేరు గురించి మీకు చెప్పాలా? అది పైకి పెరిగినంతా పక్కలకూ పెరుగుతుంది. పాకలు పోయి పోర్టికోలున్న పెద్ద భవనం లేచింది, నీళ్ళ ట్యాంకు లేచింది, కాని కాలేజీకి గుర్తు మాత్రం ఆ చెట్టే అయింది. కొత్తవాళ్ళకు దారి చెప్పాలన్నా నిద్రగన్నేరు దగ్గర కుడివైపుకు తిరగమనేవాళ్ళు. ఎన్నికల ఉపన్యాసాలు దాని కిందే, ఫొటోలు దాని కిందే, ప్రేమలు కూడా దాని కిందే. దాని చుట్టూ రాతి అరుగు కట్టి, పెద్దాయన పేరు చెక్కించారు. కొమ్మలు నా నెత్తిమీదికి వచ్చి, నన్ను దాటి అవతలికి పోయాయి. కొన్నాళ్ళకు నేను ఆకాశం చూడటమే మానేశాను. చిన్న జల్లయితే ఆకులే తాగేసేవి, పెద్ద వానయితే మిగిలింది నాకు దక్కేది. దక్కినంత పుచ్చుకునేదాన్ని. అంతకంటే నన్నేం చేయమంటారు?

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. పేరు జెకర్యా. కాలేజీ వెనక పేటలో పుట్టినవాడు, ఎనిమిదో తరగతి చదివాడు. పరాంకుశం గారు రిటైరయ్యే ఏడాది, రోజూ గిన్నె చూసి రాసే అబ్జర్వరుగా చేరాడు. గ్లాసును బల్లమీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నీటిమట్టం కంటికి సమానంగా వచ్చాకే అంకె చదవాలని ఆయన దగ్గర నేర్చుకున్నాడు. పెళ్ళిరోజు పొద్దున కూడా కొత్తబట్టలతో సైకిలెక్కి వచ్చి గిన్నె చూసి, అంకె రాసి, చర్చికి వెళ్ళాడు. పెళ్ళికొడుకు కనపడక అక్కడ గగ్గోలు పుట్టిందట. ఆ రోజు పడింది సున్నా.

పరాంకుశం గారు రిటైరై సొంతవూరు వెళ్ళిపోయారు, కొన్నాళ్ళకు కాలం చేశారు. శోభనాద్రి గారు ప్రిన్సిపాలయ్యారు. ఆయన మా రిజిస్టర్లలోని కూడికలు తెప్పించుకుని, ఇరవై ఏళ్ళలో చింతలరేవులో వాన మూడోవంతు తగ్గిపోయిందని పెద్ద వ్యాసం రాశారు. పత్రికలో అచ్చయింది, శాలువా కప్పారు. చుట్టుపక్కల రైతులకు తక్కువ నీటి పైర్లు వేసుకోమని సలహా ఇచ్చారు. “మా చేలో మోకాళ్ళలోతు నిలిచిన నీళ్ళు మీ కాలేజీలో ఎందుకు పడలేదండీ?” అని ఒక రైతు అడిగితే, అతనికి శాస్త్రం తెలియదని సర్దిచెప్పారు. వాన తగ్గడానికి మందు చెట్లు పెంచడమే అని వ్యాసం చివర రాశారు. రాసి ఊరుకోలేదు, నా చుట్టూ ఇంకో నాలుగు మొక్కలు నాటించారు. ఆ రోజు నాకు నోరుంటే కాలేజీ అంతా వినపడేలా తిట్టి ఉండేదాన్ని.

తరవాతి ఏడు ఢిల్లీ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చి, తాలూకా ఆఫీసు గిన్నె లెక్కలు పక్కన పెట్టి చూశాడు. అక్కడ వాన ఏమీ తగ్గలేదు. మైలున్నర దూరంలో ఇంత తేడా ఏమిటని అడిగాడు. గిన్నెకైనా చిల్లుండాలి, మనిషైనా అబద్ధం రాసి ఉండాలి అన్నాడు. ముందు నన్ను తవ్వి తీశారు. నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచారు. చుక్క కారలేదు. ఆడలేక మద్దెల ఓడని నా మీదికి వచ్చినవాళ్ళు నన్ను మళ్ళీ అక్కడే పాతి, జెకర్యా మీదికి వెళ్ళారు. పదిమంది కళ్ళున్నాయి అక్కడ, ఒక్కరూ తల పైకెత్తి చూడలేదు.

మా కంచె దగ్గరే జరిగింది ఆ మాట. శోభనాద్రి గారు వ్యాసం అచ్చయిన పత్రికను జెకర్యా మొహం ముందు ఊపారు.

“నిన్ను నమ్మి రాశానయ్యా వ్యాసం! ఇంట్లో కూచుని అంకెలేసి నా పరువు తీశావు.”

“నేనట్టా ఎందుకు చేస్తానండయ్యా? గిన్నెలో ఉన్నదే రాశాను.”

“అయితే తాలూకా ఆఫీసు గిన్నెలో ఎక్కువెట్టా పడింది?”

“అది నాకు తెలవదండి. నా గిన్నె సంగతే నాకు తెలుసు.”

పదిహేను రోజుల గడువిచ్చారు. రోజూ గిన్నె చూడకుండా ఉజ్జాయింపుగా అంకెలు వేశానని కాగితం మీద ఒప్పుకుంటే పశువులశాలకు మార్చి ఊరుకుంటారు. ఒప్పుకోకపోతే ఉద్యోగం తీసేస్తారు. జెకర్యాకు అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు. హెడ్డుగుమాస్తా కంచె దాకా వచ్చి మంచిమాటగానే చెప్పాడు: “ఒక్క సంతకం గదయ్యా. పెద్దాళ్ళతో మనకెందుకు? పెట్టేసి బయటపడు.”

“పన్నెండేళ్ళు రోజూ వచ్చి, రాలేదని ఎట్టా పెట్టనండీ సంతకం?” అన్నాడు జెకర్యా. “ఎనిమిదిన్నరకి నేను లేని రోజు ఒక్కటి చూపించమనండి, పెడతాను.”

ఆ మాట విని నా ఇత్తడి అంచు ఇంకాస్త మెరిసిందనుకుంటాను. కాని అతను లోపల భయపడుతూనే ఉన్నాడు. నిజంగానే తానెక్కడైనా పొరపాటు చేశానేమోనని, పాత రిజిస్టర్లు ఒక్కొక్కటే తెచ్చి నా పక్కన కూర్చుని వెనక్కి తిరగేశాడు. తాను చేరకముందే అంకెలు తగ్గడం మొదలైంది. ఇంకా వెనక్కి వెళ్ళాడు. పరాంకుశం గారి సంతకం కనపడింది. అంచులో రాసినది వేలుపెట్టి చదివాడు. చదివి, మెల్లగా తలెత్తి పైకి చూశాడు. ఇరవై ఏళ్ళలో ఆ పని చేసిన మొదటి మనిషి అతనే.

వాతావరణ గది తాళాలు అతని దగ్గరే ఉండేవి. పెట్టెలోంచి నా తమ్ముణ్ణి తీశాడు, గడ్డి దులిపాడు. ఎవరినీ అడగకుండా తీసుకెళ్ళి, కేకేస్తే వినపడేంత దూరంలో, దగ్గరలో ఏ చెట్టూ లేని వరిమడి గట్టు మీద పాతాడు. ఇక వాన రావాలి. గడువులో పదకొండు రోజులు పోయాయి, మబ్బు వస్తుంది, పోతుంది. సున్నా, సున్నా, సున్నా అని రెండు రిజిస్టర్లలో రాస్తున్నాడు. భాద్రపద మాసంలో వాన కోసం అంతగా ఎదురుచూసిన మనిషిని నేను చూడలేదు.

పన్నెండోరోజు పొద్దున ఎనిమిదింటికి శోభనాద్రి గారు నడకకు వచ్చారు. గట్టు మీద రెండో గిన్నె కనపడింది.

“అదేంది జెకర్యా? ఎవరు పెట్టమన్నారు అక్కడ?”

“ఎవరూ పెట్టమన్లేదండయ్యా. నేనే పెట్టాను.”

ఆయన ఇంకా ఏదో అనబోయారు. అంతలో మబ్బు దిగి వాన అందుకుంది. వానకు ఎవరు పరిగెత్తినా ఎక్కడికి పరిగెడతారో మీకు తెలుసు. ప్రిన్సిపాలు గారు కండువా నెత్తిన వేసుకుని, మడిగట్టు మీంచి పరుగున వచ్చి, అలవాటుగా నిద్రగన్నేరు కింద నిలబడ్డారు. నాకు సరిగ్గా నాలుగడుగుల దూరంలో. జెకర్యా మాత్రం కదల్లేదు. గట్టు మీద తమ్ముడి పక్కనే, తల మీంచి నీళ్ళు కారుతూ నిలబడ్డాడు.

“పిచ్చోడా, ఇట్టా రా! తడిసిపోతున్నావు!” అని ఆయన కేకేశారు.

జెకర్యా కూడా కేకేశాడు. “నేను తడిశానండయ్యా! మీరు తడవలేదేందండీ?”

శోభనాద్రి గారు తన చొక్కా చూసుకున్నారు. భుజం మీద నాలుగు చుక్కలున్నాయి. తరవాత నన్ను చూశారు. ఆ తరవాత, తాను నాటించి, నీళ్ళు పోయించి, ఫొటోలు తీయించుకున్న చెట్టును కిందినుంచి పైదాకా చూశారు. కాసేపటికి వాన ఆగింది.

ఎనిమిదిన్నరకు జెకర్యా గ్లాసు తెచ్చాడు. ప్రిన్సిపాలు గారే అడిగి తీసుకుని, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కొలిచారు. నాలో రెండు మిల్లీమీటర్లు. తమ్ముడిలో పదకొండు. ఆయన రెండుసార్లు చూశారు. జెకర్యా పాత రిజిస్టరు తెచ్చి ఆ పేజీ తీసి చూపించాడు. ఆయన చాలాసేపు చదివి, పరాంకుశం గారి సంతకం కింద రాశారు: “అభ్యంతరం సబబే. శోభనాద్రి.” మధ్యాహ్నానికి జెకర్యా మీద వేసిన కాగితం చించేశారు. వారం తిరక్కుండా పత్రికకు ఉత్తరం రాశారు. వాన తగ్గలేదని, తాను నాటించిన చెట్టు పెరిగిందని, అబ్జర్వరు రాసిన ప్రతి అంకె నిజమని. శాలువా కప్పినవాళ్ళు ఆ ఉత్తరం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయనను మెచ్చుకోవాలంటే నేను ఆ వ్యాసానికి కాదు, ఈ ఉత్తరానికి మెచ్చుకుంటాను.

ఇంత జరిగాక ఎవరికి శిక్ష పడిందనుకుంటున్నారు? చెట్టుకు కాదు. చెట్టును కొట్టాలంటే కాలేజీ కాలేజీ ఏడుస్తుంది. నన్ను తవ్వి తీసి, నా పని తమ్ముడికిచ్చి, నన్ను వాడి పెట్టెలో పెట్టారు. నిజం చెప్పినదానికి గడ్డి పరుపు, అడ్డుపడినదానికి రాతి అరుగు. జెకర్యా నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు సీసాలోని ఆఖరి చుక్క దాకా తుడిచాడు. “నీ తప్పేం లేదులే” అన్నాడు. ముప్పై అయిదేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికాను.

కాలేజీకి అరవై ఏళ్ళు నిండాయని కొత్తగా మ్యూజియం కట్టారు. నస్రీన్ అనే యువ అసిస్టెంటు ప్రొఫెసరుకు దాని బాధ్యత అప్పగించారు. ఆమె ఓపిగ్గా మూలమూలలా వెతికి నన్ను పట్టుకుంది. పక్కన నేను పనిలో ఉన్నప్పటి ఆఖరి రిజిస్టరు కూడా పెట్టింది, చివరి పేజీ తెరిచి. అట్టముక్క రాసింది ఆమే. ఎవరో పనిచేయదని చెబితే నమ్మింది పాపం. ప్రారంభోత్సవానికి ముందురోజు భవనం కట్టించిన ఇంజనీరు వచ్చి, గోడ మీద చరిచి, “నూరేళ్ళు చూసుకోనక్కర్లేదమ్మా, చుక్క కారదు” అన్నాడు.

తెల్లవారుజామున వాన మొదలైంది. కప్పులో సన్నని చీలిక ఒకటి ఉన్నట్టుంది. మొదటి చుక్క టప్పుమని నా అంచుకు తగిలి లోపలికి జారింది. ముప్పై అయిదేళ్ళ తరవాత నీళ్ళు! రెండో చుక్క, మూడో చుక్క. నేనేం చేస్తాను? నాకు తెలిసిన పనే చేశాను.

సభ పదింటికి. జెకర్యాను ముఖ్య అతిథులతోపాటు పిలిచారు. అరవై ఎనిమిదేళ్ళవాడు, చేతికర్ర, తెల్లచొక్కా. పదింటి సభకు అతను ఎనిమిదిన్నరకే వచ్చాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? నస్రీన్ ఎదురొచ్చి నా దగ్గరికి తీసుకొచ్చింది. అతను నన్ను ఒక నిమిషం చూశాడు. అట్టముక్క చదివాడు. మొహం ముడుచుకుంది. అప్పుడు ఒక చుక్క పడింది.

“గ్లాసుందా అమ్మా?”

అద్దాల బీరువాలోంచి ఆమె గ్లాసు తీసిచ్చింది. అతను గరాటు తీసి, సీసా ఎత్తి, నీళ్ళు పోశాడు. కర్ర పక్కన పెట్టి, కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను గీతకు సమానంగా తెచ్చాడు.

“నాలుగు. పెన్నియ్యమ్మా.”

తెరిచి ఉన్న రిజిస్టరులో, ముప్పై అయిదేళ్ళ కిందటి తన ఆఖరి అంకె కింద, తేదీ వేశాడు. గంట ఎనిమిదిన్నర అని రాశాడు. నాలుగు మిల్లీమీటర్లు అని రాశాడు. పక్కన అంచులో “ఇది వాన కొలత కాదు, కప్పు కారిన కొలత” అని రాసి సంతకం పెట్టాడు.

ఇంజనీరు అప్పుడే పూలదండలతో లోపలికి వచ్చి, “అది కిటికీలోంచి కొట్టిన జల్లయి ఉంటుందండీ” అన్నాడు. మాట పూర్తికాకముందే ఇంకో చుక్క నేరుగా అతని బట్టతల మీద పడింది. నస్రీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జెకర్యా పైకి లేచి గరాటును మళ్ళీ నా మీద సరిగ్గా బిగించాడు. అట్టముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది మార్చాలమ్మా. పనిచేస్తంది.”